వెనక్కి తీసుకున్నవి

భార్య హైమావతి పోయిన రోజు దాలినాయుడు ఎనిమిదో తరగతి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాడు. జనవరి నెల, మంగళవారం, మూడో పీరియడు. హెడ్మాస్టరు స్వయంగా స్టాఫ్ రూములోకి వచ్చి, దాలినాయుడి చేతిలోని పెన్ను తీసుకుని, మూత పెట్టి, అతని జేబులోనే పెట్టాడు. ఆ తర్వాత చెప్పాడు. ఆఫీసులో కుర్చీలోంచి లేవబోతూ పడిపోయిందట. వీళ్లిద్దరూ ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆమెకు నలభై నాలుగేళ్లు.

దిద్దకుండా మిగిలిన పదమూడు పేపర్లను అతను పదిహేను రోజుల తర్వాత దిద్దాడు. పిల్లలెవరూ అడగలేదు.

వేసవి సెలవులు ఇచ్చిన వారానికి ఫణీంద్ర ఇంటికి వచ్చాడు. హైమావతి పనిచేసిన కంపెనీలో ఆమె బృందానికి అతనే పెద్ద. మధురవాడ కొండ మీద మూడంతస్తుల ఆఫీసు వాళ్లది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఆస్పత్రుల్లో అద్దాల పెట్టెలో పెడతారు కదా, ఆ పెట్టె ఎంత వెచ్చగా ఉండాలో నిర్ణయించే ప్రోగ్రామ్ వాళ్లు రాస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు చదివి, సరే అంటేనే అది పెట్టెలోకి వెళ్తుంది. పదకొండేళ్ల పాటు ఆ చదివే పని హైమావతిది.

"మేడం పోయాక పని ఆగిపోయింది సార్," అన్నాడు ఫణీంద్ర, మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "చదివేవాళ్లు దొరక్క కాదు. ఆవిడలా చదివేవాళ్లు దొరక్క."

ఆ చదివే పనికి వాళ్లు ఒక యంత్రాన్ని తయారు చేసుకున్నారు. దానికి 'రెండో చూపు' అని పేరు పెట్టారు. హైమావతి కంప్యూటర్ పైన మూడేళ్లుగా ఒక చిన్న కెమెరా ఉండేది. ఆమె చూపు ఏ లైను మీద ఎంతసేపు ఆగిందో అది రాసుకునేది. అందుకు ఆమె ఒప్పుకుంది. "నేను కునుకు తీసినా రాసుకుంటుందా?" అని నవ్వింది కూడా. ఆ చూపుల్నీ, పదకొండేళ్లుగా ఆమె రాసిన వ్యాఖ్యల్నీ కలిపి ఈ యంత్రానికి నేర్పారు. ఇక దాన్ని సరిచూడాలి.

"మీరు వచ్చి ఊరికే చదవండి సార్. మేడం ఇలా అంటారా, అనరా, అంతే. ప్రోగ్రామ్ సంగతి మాకొదిలేయండి. మేడం వ్యాఖ్యలన్నీ తెలుగులోనే కదా. ఆ మాట ఆవిడదో కాదో మీకు తెలిసినట్టు మాకు తెలీదు."

దాలినాయుడు తెలుగు మాస్టారు. ఇరవై రెండేళ్లుగా ఇతరుల వాక్యాలు చదవడమే అతని పని. వస్తానన్నాడు.

ఫణీంద్ర గుమ్మం దగ్గర ఆగాడు. "అంతా కుదిరితే మీ ఇంటి కంప్యూటర్లో కూడా ఒకటి పెట్టిస్తాను సార్. మీ ప్రశ్నపత్రాలూ అవీ చదివి పెడుతుంది."

ఆ మాట అతను మంచికే అన్నాడు. దాలినాయుడు ఆ పూట అన్నం తింటున్నంతసేపూ దాన్నే తల్చుకున్నాడు. ప్రశ్నపత్రం రాసినప్పుడల్లా అతను హైమావతికి చూపించేవాడు. ఆమె కూర కలుపుతూనో జడ వేసుకుంటూనో చదివి, ఒకటో రెండో మాటలు మార్పించి, కాగితం తిరిగిస్తూ అనేది: "బావుంది, వెళ్లనీ." పంతొమ్మిదేళ్లలో ఆ మాట వినకుండా అతని ప్రశ్నపత్రం ఒక్కటి కూడా బడికి వెళ్లలేదు.

మొదటి రోజు అతన్ని హైమావతి కుర్చీలో కాకుండా పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. తెర మీద ఎడమవైపు ప్రోగ్రామ్, కుడివైపు యంత్రం రాసే వ్యాఖ్యలు. కింద రెండు బొత్తాలు. ఒకదాని మీద 'అంటారు', రెండో దాని మీద 'అనరు'. యంత్రం చూపు ఆగిన చోట లైన్ల వెనక లేత ఎరుపు పరుచుకునేది. ఎక్కువసేపు ఆగితే ఎరుపు ముదిరేది.

మొదటి వ్యాఖ్య వచ్చింది. 'ఈ పేరు చూసి రేపు నువ్వే గుర్తుపట్టలేవు. వేరే పేరు పెట్టు.'

అతను 'అంటారు' నొక్కాడు.

'ఇంత పొడుగ్గా రాస్తే చదివేవాళ్లు ఊపిరెక్కడ తీసుకుంటారు?'

అంటారు.

'మొన్న చెప్పిందే మళ్లీ చెప్పించుకుంటున్నావు. నాకు విసుగు లేదనుకో.'

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎవరూ చూడకుండా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ ప్రోగ్రామ్ చివర యంత్రం రాసింది: 'బావుంది, వెళ్లనీ.'

ఆ బొత్తాం నొక్కడానికి అతనికి చాలాసేపు పట్టింది. నొక్కి, కిందికి దిగి టీ తాగి వచ్చాడు.

ఆ తర్వాత రోజూ వెళ్లాడు. ఎనిమిదో రోజుకి నూటికి తొంభై ఆరు సార్లు 'అంటారు' పడుతోందని ఫణీంద్ర సంబరపడ్డాడు. యంత్రం పొరబడిన చోట దాలినాయుడు సరిచెప్పేవాడు. "ఆవిడ 'దయచేసి' అనే మాట రాయదయ్యా. దయచేసి అన్నదంటే కోపంలో ఉన్నట్టు." అది తీసేశారు. బృందంలో యంత్రాన్ని ఎవరూ రెండో చూపు అనడం లేదు. "మేడం ఏమన్నారు?" అని అడుగుతున్నారు.

కింది వాటాలో ఉండే హైమావతి అక్క రాజ్యం ఒక పొద్దున అతన్ని మెట్ల మీద ఆపింది. "ఏటి మరిదీ, బడి లేదు, గిడి లేదు, ఇస్త్రీ చొక్కా ఏటి? ఎవుర్ని కలవడానికి?"

"ఆఫీసులో పనుంది వదినా."

"ఎవుర్ని కలవడానికని అడిగేను."

అతను తన చొక్కా వంక చూసుకున్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. టిఫిను గిన్నె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తబస్సుమ్ రాసిన మార్పు శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. బృందంలో అందరికంటే జాగ్రత్తగా రాసే అమ్మాయి అని ఆమెకు పేరు. పెట్టెలో బిడ్డ ఒంటికి చిన్న బిళ్ల ఒకటి అంటిస్తారు. ఒంటి వేడి ఎంతో అది చెబుతుంది. తగ్గితే పెట్టె వేడి పెంచుతుంది. బిడ్డ కాలు ఆడించినా ఆ లెక్క కాస్త ఊగి, అలారం మోగుతుంది. రోజుకి వందసార్లు మోగుతుంటే నర్సులు దాని నోరు నొక్కేస్తున్నారని ఆస్పత్రుల నుంచి ఫిర్యాదు. అందుకని తబస్సుమ్, ఒక్కొక్క లెక్కనీ విడిగా చూడకుండా కొన్నిటిని కలిపి సగటు చూసేలా మార్చింది. ఊగిసలాట తగ్గుతుంది. సోమవారం అది పంతొమ్మిది ఆస్పత్రులకు వెళ్లాలి. యంత్రం ఒంటరిగా చదివి పంపబోయే మొదటి మార్పు కూడా అదే.

యంత్రం చదివింది. రెండు చోట్ల పేర్లు మార్చమంది. మధ్యలో మూడు లైన్ల వెనక ఎరుపు పరుచుకుంది. ముదిరింది. దానిమ్మ గింజ రంగు దాకా వచ్చింది. అంత ఎరుపు దాలినాయుడు ఇన్ని రోజుల్లో చూడలేదు. చివర యంత్రం రాసింది: 'బావుంది, వెళ్లనీ.'

అతని వేలు బొత్తాం మీదే ఆగింది.

"ఏమైంది సార్?" అన్నాడు ఫణీంద్ర.

"ఇంతసేపు చూసి, ఏమీ అనకుండా బావుందంటుందా?"

"నచ్చి చూసి ఉండొచ్చు కదా సార్. తబస్సుమ్ నిజంగానే బాగా రాసింది."

అతనికి ప్రోగ్రామ్ తెలియదు. మాటలు ఆమెవే. ఇంటి కంప్యూటర్, జూన్‌లో రాయాల్సిన ప్రశ్నపత్రాలు, అన్నీ గుర్తొచ్చాయి. 'అంటారు' నొక్కాడు. ఫణీంద్ర అతనితో చెయ్యి కలిపాడు. పని పూర్తయిందన్నాడు.

మర్నాడు పొద్దున దాలినాయుడు బీరువా సర్దడానికి కూర్చున్నాడు. సెలవులకు ముందు పిల్లలు తిరిగిచ్చిన పాత పేపర్ల కట్ట బయటపడింది. జనవరివి. కట్ట విప్పి చూస్తుంటే ఒక పేపరు పైమూల మడిచి ఉంది.

అది అతని అలవాటు. ఎర్ర సిరా చిన్న తప్పులకే వాడతాడు. ఒత్తులు, దీర్ఘాలు, వాక్యంలో తప్పిన మాట. పిల్లవాడు పాఠమే తలకిందులుగా అర్థం చేసుకుంటే ఆ పేజీ మీద గీత కూడా గీయడు. మూల మడిచి ఇచ్చేస్తాడు. మూల మడిచిన పేపరు వచ్చినవాడు విరామంలో ఒంటరిగా వస్తాడు. ఇద్దరూ మాట్లాడుకుంటారు. వాడు ఆ పేజీ చింపేసి కొత్తది రాసిస్తాడు. తరగతిలో రెండో మనిషికి తెలియదు.

పెళ్లైన కొత్తలో హైమావతి పక్కన కూర్చుని మార్కులు కూడుతూ అడిగింది. "మాస్టారూ, ఇదేంటి, దీనికి మార్కే లేదు? మర్చిపోయారా?"

"అది పెద్ద తప్పు."

"పెద్ద తప్పుకి పెద్ద సున్నా కదా వెయ్యాలి?"

"ఎర్ర సిరా పెడితే వాడికి ఎరుపే గుర్తుంటుంది. తప్పు గుర్తుండదు."

ఆమె ఆ పేపరు వంక చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. ఏదైనా అంతసేపు చూసిందంటే హైమావతి ఏమీ అనేది కాదు. లేచేది. పాలవాడు నీళ్లు కలిపిన రోజు గిన్నె వంక అలాగే చూసి, లేచి, వీధి చివరిదాకా వెళ్లి, వాడితో విడిగా మాట్లాడి వచ్చింది.

దాలినాయుడు కట్ట అలాగే వదిలేసి చెప్పులేసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ లేదు.

సోమవారమే గడువు కాబట్టి ఆ శనివారం కూడా అందరూ ఆఫీసులోనే ఉన్నారు. అతను తిన్నగా తబస్సుమ్ దగ్గరికి వెళ్లి, పక్కన ఉన్న కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. చెప్పాలని లేకపోతే చెప్పకు. మా ఆవిడ ఎప్పుడైనా నీ దగ్గరికి వచ్చి కూర్చుందా? ఇలాగ?"

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. అటూ ఇటూ చూసింది.

"ఒక్కసారి, మాస్టారూ. చేరిన మొదటి ఏడాది. టీ కప్పు పట్టుకుని వచ్చారు. 'ఇది నువ్వే వెనక్కి తీసుకో తబస్సూ, నీ తప్పు నువ్వే చూసుకున్నట్టు ఉంటుంది' అన్నారు. తీసుకున్నాను. మళ్లీ రాసి పెట్టాను. ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు ఆవిడ. ఎవరికీ చెప్పలేదు. నన్నొక్కదాన్నే అలా కాపాడారని..." ఆగిపోయింది.

"నిన్నొక్కదాన్నే ఏటి తల్లీ?" వెనక నుంచి పైడిరాజు అన్నాడు. పెట్టెల్ని పరీక్షించేవాడు అతను. "నా దగ్గరికి మూడుసార్లు వచ్చేరు. మూడోసారి బెల్లం గవ్వలు కూడా తెచ్చేరు, నేను బెంగెట్టుకుంటానని. నేనూ నన్నొక్కడ్నే అనుకున్నాను."

గదిలో తొమ్మిది మంది ఉన్నారు. ఒకరు చెయ్యెత్తారు, తరగతిలో ఎత్తినట్టు. తర్వాత ఇంకొకరు. ఫణీంద్ర తన బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నా దగ్గరికి ఐదుసార్లు," అన్నాడు చివరికి.

"మరి అవన్నీ ఎక్కడున్నాయి?" దాలినాయుడు అడిగాడు. "యంత్రం వాటిని చదివిందా?"

ఫణీంద్ర కూర్చున్నాడు. యంత్రానికి నేర్పేటప్పుడు ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి అని రాసుకున్న పట్టిక తెరిచాడు. పైనుంచి నాలుగో వరస. రాసినవాళ్లే వెనక్కి తీసుకున్న మార్పుల్ని లెక్కలోకి తీసుకోవద్దు.

"ఇది నేనే పెట్టాను సార్. ఎవరైనా ఇలాగే పెడతారు. రాసినవాడే వద్దనుకున్నదాంట్లో నేర్చుకోవడానికేం ఉంటుంది, చెత్తే కదా అనుకున్నాను." అతను ఆ వరస మీద వేలు పెట్టాడు. "మేడం చూపులు మాత్రం అన్నీ ఉన్నాయి. కెమెరాకి ఇది తెలీదు కదా. అంటే యంత్రానికి ఆవిడ ఎక్కడ ఆగుతారో తెలుసు. ఆగాక ఏం చేస్తారో తెలీదు. దానికి తెలిసిన ముగింపు ఒక్కటే. బావుంది, వెళ్లనీ."

"ఆ మాట లేచి వెళ్లి వచ్చాక అనేది," అన్నాడు దాలినాయుడు.

పైడిరాజు పరీక్ష గదిలోంచి రబ్బరు బొమ్మను తెచ్చాడు. దాని పేరు చిట్టెమ్మ. లోపల గోరువెచ్చని నీళ్లుంటాయి. తబస్సుమ్ మార్పు ఉన్న పెట్టెలో దాన్ని పడుకోబెట్టి, పొట్ట మీద బిళ్ల అంటించారు. కాసేపయ్యాక పైడిరాజు ఆ బిళ్లను కొంచెం కొంచెంగా ఊడదీశాడు, చెమటకి పట్టీ జారినట్టు.

ఊడిన బిళ్లకు బిడ్డ ఒళ్లు కాక, అంతకంటే చల్లని పెట్టెలోని గాలి తగులుతుంది. బిడ్డ చల్లబడిందనుకుని పెట్టె వేడి పెంచుతుంది. ఇదివరకైతే లెక్క ఒక్కసారి జారగానే అలారం మోగేది. ఇప్పుడు సగటు ఆ జారుడును నున్నగా చేసేసింది. చిట్టెమ్మ ఒంటి వేడి ముప్పై ఏడు. ముప్పై ఎనిమిదిన్నర. నలభై. అలారం ఇరవై రెండో నిమిషాన మోగింది.

"బొమ్మ కాబట్టి ఏడవలేదు," అన్నాడు పైడిరాజు. అతను ఎప్పుడూ వేళాకోళంగా మాట్లాడతాడు. ఈసారి గొంతులో అది లేదు.

తబస్సుమ్ ఆ పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసుకుంది. తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్లి ఆ మార్పును వెనక్కి తీసుకుంది. ఈసారి అందరూ చూస్తుండగానే.

నిన్న 'అంటారు' నొక్కింది తనేనని దాలినాయుడు చెప్పాడు. ఎవరూ అతన్ని తప్పు పట్టలేదు. అతనికి అదే కష్టంగా ఉంది. మూల మడవడం హైమావతి నేర్చుకున్నది తన దగ్గరే. పిల్లల పరువు కోసం చేసిన పని ఇది. కాగితం చింపేస్తే తప్పు కూడా పోయిందనే అతను ఇరవై రెండేళ్లుగా అనుకున్నాడు. దాన్ని వెతుక్కుంటూ ఎవరైనా వస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

ఫణీంద్ర నాలుగో వరస తీసేశాడు. పదకొండేళ్లలో వెనక్కి తీసుకున్న మార్పులు నాలుగు వందల పన్నెండు. వాటిని కూడా కలిపి యంత్రానికి మళ్లీ నేర్పడానికి నాలుగు రోజులు పట్టింది. సోమవారం ఆస్పత్రులకు ఏదీ వెళ్లలేదు. అందుకు ఫణీంద్ర పైవాళ్ల చేత మాటలు పడ్డాడు.

బుధవారం తబస్సుమ్ పాత మార్పునే మళ్లీ యంత్రం ముందు పెట్టారు. రెండు పేర్లు మార్చమంది. ఆ మూడు లైన్ల దగ్గరికి వచ్చింది. ఎరుపు ముదిరింది. ఇక ఏమీ రాయలేదు. వద్దనలేదు, వెళ్లనీ అనలేదు. పది నిమిషాలు చూశారు.

"హ్యాంగ్ అయిందేమో," అన్నారెవరో.

"లేదు," అన్నాడు దాలినాయుడు. "లేచింది."

వాళ్లు అలాగే ఉంచేయడానికి నిర్ణయించుకున్నారు. యంత్రం ఏమీ రాయకుండా ఆగిన చోటికి, ఇకపై, ఒక మనిషి లేచి వెళ్లాలి. రాసినవాళ్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చోవాలి. ఎవరు వెళ్లాలో వంతులు వేసుకున్నారు. మొదటి వంతు తబస్సుమ్ అడిగి తీసుకుంది.

"ఇంకొక్కటి చెయ్యండి," అన్నాడు దాలినాయుడు. "ఆ చివరి మాట తీసేయండి. బావుంది, వెళ్లనీ. అది దానికి వద్దు."

ఫణీంద్ర తలెత్తాడు. "సార్, ఆ ఒక్క మాటే కదా అచ్చంగా మేడంలా..."

"అందుకే. ఆ మాట వింటే ఇంక చూడాలనిపించదు. నాకూ అనిపించలేదు."

"పోనీ, మీ ఇంటి దాంట్లో ఉంచుతాను."

"ఇంటికి వద్దులే బాబూ." దాలినాయుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ప్రశ్నపత్రాలు వదినకి చూపిస్తాను. ఆవిడా ఎనిమిది చదువుకుంది."

ఫణీంద్ర ఆ మాట తీసేశాడు. తీసేటప్పుడు యంత్రం 'నిజంగా తీసేయాలా?' అని ఒకసారి అడిగింది. అది ఏ యంత్రమైనా అడిగేదే. దాలినాయుడే నొక్కాడు.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి ప్రశ్నపత్రం రాజ్యం కళ్లజోడు పెట్టుకుని చదివింది. "నాలుగో ప్రశ్న నాకే అర్థం కాలేదు, పిల్లలకేం అర్థమవుద్ది మరిదీ?" అంది. అతను నాలుగో ప్రశ్న మార్చాడు.

ఆదివారాలు మధురవాడ వెళ్తున్నాడు. వెనక్కి తీసుకున్న ఒక్కొక్క మార్పునూ దాన్ని రాసినవాళ్ల ముందు పెట్టి, ఆ రోజు ఆమె వచ్చి ఏమందో అడిగి, ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాడు. పేర్లు రాయడు. కంపెనీ వదిలి వెళ్లినవాళ్లకు ఫోన్ చేస్తాడు. చాలామందికి మాటకు మాట గుర్తుంది. ఒకాయన రాయ్‌పూర్ నుంచి మాట్లాడుతూ, ఆ రోజు మేడం కట్టుకున్న చీర రంగు కూడా చెప్పాడు. ఇప్పటికి నూట ఇరవై ఆరు అయ్యాయి.

జాబితాలో చివరిది ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది. అది హైమావతి సొంతంగా రాసిన మార్పు. పదకొండు లైన్లు. పెట్టెలో కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు ఏం జరగాలనే దాని గురించి. జనవరిలో సోమవారం సాయంత్రం పెట్టి, తను రాసిందే తను ఇరవై నిమిషాలు చూసి, వెనక్కి తీసుకుంది. లేచి వెళ్లి చెప్పడానికి అవతల మనిషి లేడు. మర్నాడు ఆమె పోయింది.

యంత్రం కూడా ఆ పదకొండు లైన్ల దగ్గర ఆగిపోయింది. ఫణీంద్ర, తబస్సుమ్, పైడిరాజు విడివిడిగా చదివారు. ఆమె ఏ తప్పు సరిచేయబోయిందో వాళ్లకు తెలిసింది. తను రాసినదాంట్లో ఏం తప్పు చూసి వెనక్కి తీసుకుందో ఎవరికీ తెలియలేదు. పెట్టెలన్నిటిలో ఇప్పటికీ పాత లైన్లే ఉన్నాయి. ఆ మార్పు మళ్లీ రాయాల్సి ఉంది.